భూమి కాగితాలూ రంగం ఫోటోలూ: ఒక చిన్న ఊరి చరిత్ర సేకరణ కేస్ స్టడీ

పాత కాగితాలు, ఫోటోలు పాడైపోకుండా చూడటం, వాటికి కాపీలు తీసి సొంతదారుల చేతిలో పెట్టడం నా పని. గ్రంథాలయ శాస్త్రం చదివి, కొన్నాళ్లు లైబ్రరీలో చేసి ఇందులోకి వచ్చాను. ఇక్కడ రాస్తున్నది శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగంలో ఉన్న ఒక ఊరి సంగతి. పాత ఎస్టేట్ (జమీందారీ) ఊరు. వారం వారం సంత జరుగుతుంది. సముద్రం మరీ దూరం కాదు. ఇంతకు మించి ఆనవాళ్లు చెప్పను, మనుషుల వివరాలు కూడా కొన్ని మార్చాను. మొదటి ఆరు నెలల్లో నేను చేసిన పని వల్లే ఆ ఊళ్లో పాత కాగితాల పెట్టెలు మూతపడ్డాయి. మళ్లీ తెరుచుకోవడానికి రెండేళ్లు పట్టింది. అందుకే ఈ కేసు రాసి పెట్టాలనిపించింది.

నేపథ్యం

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు ఎలా పోయాయో జిల్లా అంతా చూసింది. ఇళ్లలో ట్రంకు పెట్టెలు తడిసిన సంగతి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వారం తర్వాత ఆ ఊళ్లో రిటైరైన హెడ్మాస్టారు ఒకాయన వీధిలో నడుస్తుంటే చెత్తకుప్ప మీద కాగితాల ముద్దలు, అద్దం పగిలిన ఫోటో ఫ్రేములు కనిపించాయి. ఆయన ఒక ముద్దలోంచి పోస్టుకార్డు ఊడదీసి ఇంటికి తెచ్చి ఆరబెట్టారు. అడ్రసులో వాళ్ల ఊరి పేరు, దాని కింద గంజాం జిల్లా అని ఉంది.

2019 మొదట్లో మాస్టారు, మందుల షాపు ఆయన ఒకరు, డిగ్రీ కాలేజీ లెక్చరర్ మేడం, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే ఇద్దరు కుర్రాళ్లు ఒక కమిటీగా కలిసి నన్ను పిలిచారు. పోస్టుకార్డు చూపించగానే కుర్రాళ్లలో ఒకడు, "ఇది మనది కాదేమో సార్, గంజాం అంటే ఒరిస్సా కదా" అన్నాడు. అది వాళ్ల ఊరిదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రం అయ్యేదాకా ఆ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. తర్వాత విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. ఇల్లు కదలకుండానే ఒక తరం మనుషులు మూడు జిల్లాల్లో బతికారు. ఇది తెలియకపోతే 1936కి ముందు కాగితాల కోసం శ్రీకాకుళం పేరు మీదో, విశాఖ పేరు మీదో వెతికి, ఏమీ లేవని వెనక్కి వచ్చేస్తాం. ఇళ్లలోని కాగితాల భాష కూడా అంతే. కొన్ని తెలుగులో గొలుసుకట్టు రాత (అక్షరాలు కలిపేసి రాసేది), కొన్ని ఒరియా కరణి రాత (ఒరియా కరణాలు వాడిన వేగపు రాత). ఇంటివాళ్లకి రెండూ చదవడం రాదు కాబట్టి రెండూ పిచ్చిగీతల్లాగే కనిపిస్తాయి.

సమస్య

"మా ఊరికి చరిత్ర ఉంది బాబూ, ఆధారాలే లేవు" అన్నారు మాస్టారు. వాళ్లకి కావలసింది ఒక పుస్తకం, ఒక వెబ్‌సైట్. రాజావారి కోట, గుడి, బడి, స్వాతంత్ర్య పోరాటం అని అధ్యాయాలు కూడా రాసి పెట్టుకున్నారు.

రెండు రోజులు ఊరంతా తిరిగాను. చాలా ఇళ్లలో అటక మీదో, మంచం కిందో పెట్టె ఉంది. ఏమున్నాయని అడిగితే అన్ని చోట్లా ఒకే జవాబు: "ఏటుంటాయి బాబూ, పాత కాయితాలు. సెత్త." అన్ని పెట్టెలకీ తాళాలు ఉన్నాయి. చెత్తకి తాళం ఎందుకు వేస్తారు? ఆ ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు. జనానికి ఆసక్తి లేదని కమిటీ చెప్పింది, నేను నమ్మాను. ఆసక్తి కలిగిస్తే చాలనుకుని పని మొదలుపెట్టాను.

మొదట చేసినవి

ఒక ఆదివారం బళ్లో స్కానింగ్ క్యాంపు పెట్టాం. ముందురోజు ఆటోలో మైకు పెట్టి ఊరంతా చెప్పించాం. బ్యానర్, టేబుల్, రెండు స్కానర్లు, సంతకం పెట్టడానికి ఫారాలు అన్నీ సిద్ధం చేశాం. సాయంత్రానికి వచ్చినవి రెండు పెళ్లి శుభలేఖలు, ఒక రాగి నాణెం, ఒక పాత వార్తాపత్రిక. ఆధార్ జిరాక్స్ తీస్తారా అని ముగ్గురు అడిగారు.

మేం అక్కడ తయారు చేసి పెట్టింది అచ్చం ఆఫీసులాంటిది. బల్ల అవతల ఎవరో కూర్చుంటారు, కాగితం ఇమ్మంటారు, సంతకం పెట్టమంటారు. అలాంటి చోట ఇచ్చిన ఒరిజినల్ తిరిగి రాకపోవడం ఆ ఊళ్లో చాలామందికి అనుభవమే. నేను దాన్ని ప్రచారం చాలలేదని అర్థం చేసుకుని వాట్సాప్ గ్రూపు పెట్టమన్నాను.

గ్రూపు మొదట్లో బాగా నడిచింది. పదో తరగతి గ్రూపు ఫోటోలు, పాత టూరింగ్ టాకీస్, మొదటి బస్సు ముందు నిలబడ్డ డ్రైవరు, ఇలా వారం వారం ఏదో ఒకటి వచ్చేది. కమిటీ ఉత్సాహం చూసి నాకూ ధైర్యం వచ్చింది. సరిగ్గా అప్పుడే రిజిస్టరు దొరికింది.

రిజిస్టరు

1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక ఆ ఇళ్లలో కొన్ని పుస్తకాలు మిగిలిపోవడం మన జిల్లాల్లో చూస్తూనే ఉంటాం. అలాంటి ఇంట్లో తమ్ముడు ఒక దళసరి పుస్తకం తెచ్చి చూపించాడు. చెరువుల పేర్లు, గెడ్డల (వాగుల) పేర్లు, తోపులు, కళ్లాలు, ఏ పొలం ఎవరు దున్నుతున్నారో అన్నీ వరసగా ఉన్నాయి. ఇప్పుడు ఎవరి నోటా వినపడని పేర్లు పేజీకి పది ఉన్నాయి. ఊరి చరిత్ర రాసేవాడికి అంతకన్నా ఏం కావాలి? తమ్ముడి అనుమతితో ఆ రోజే నలభై పేజీలు తీశాను. అన్నగారిని అడగలేదు. కమిటీ అందరూ తెరవగలిగే డ్రైవ్‌లో పెట్టాను. కమిటీలో ఒకరు మంచి మనసుతోనే ఒక పేజీని గ్రూపులో పెట్టారు, మన ఊరి పాత చెరువుల పేర్లు చూడండి అని.

మూడో రోజుకి ఆ పేజీ ప్రింటు ఒక వకీలు చేతిలో ఉంది. ఒక చెరువు గట్టు పక్క భూమి మీద రెండు కుటుంబాల మధ్య ఎప్పటిదో తగువు చల్లారి ఉంది. ఎస్టేట్ రోజుల్లో అది ఎవరి సాగులో ఉందో ఆ పేజీలో ఒక పేరు రాసి ఉంది. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దై, తర్వాత సెటిల్‌మెంట్‌లో జిరాయితీ (రైతు సొంత భూమి) హక్కులు కొత్తగా రాసినప్పుడు, పాత పుస్తకంలోని పేరూ కొత్త పట్టాలోని పేరూ అన్ని చోట్లా ఒకటి కాలేదు. ఆ పేజీతో హక్కు తేలుతుందా లేదా అన్నది కోర్టు సంగతి. నోటీసు ఇవ్వడానికి మాత్రం అది సరిపోయింది.

అన్నగారు మాస్టారింటికి వచ్చారు. గొంతు పెంచలేదు. "మా ఇంట్లో కాయితం ఈదిలోకి ఎలా ఎల్లింది మాస్టారూ?" అని ఒక్కటే అడిగారు. మాస్టారు తల దించుకున్నారు. జవాబు చెప్పాల్సింది నేను.

అప్పుడు నా ముందు మూడు దారులున్నాయి. ఒకటి, పేర్లు, నంబర్లు చెరిపేసి మిగతాది ఉంచడం. పెద్ద నగరంలో అయితే అది పనిచేస్తుందేమో. చిన్న ఊళ్లో పేరు చెరిపినా, తూర్పున ఫలానా తోపు, పడమర ఫలానా గెడ్డ అని ఉంటే చాలు, చిన్నపిల్లలు కూడా అది ఎవరి పొలమో చెప్పేస్తారు. రెండోది, ఇది పది మందికీ చెందిన చరిత్ర అని వాదించి అలాగే ఉంచడం. కమిటీలో ఇద్దరిది అదే మాట. నాకు అది అన్యాయంగా అనిపించింది. నష్టం ఆ కుటుంబానిది, వాదన మాది. మూడోది, పూర్తిగా వెనక్కి తీసుకోవడం. నేను మూడోదే చేశాను. డ్రైవ్‌లో ఉన్నవి, నా హార్డ్‌డిస్క్‌లో ఉన్నవి అన్నీ తీసేసి, ఒక్క కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టి, అన్నగారి చేతికిచ్చి, తప్పు నాదేనని చెప్పాను. ఆయన పెన్‌డ్రైవ్ తీసుకున్నారు. కూర్చోమనలేదు.

గ్రూపు మూగబోయింది. ఫోటో తీయిస్తే కేసవుతుందన్న మాట ఊళ్లో పాకిపోయింది. తాళాల సంగతి నాకు అప్పుడు అర్థమైంది. ఆ పెట్టెల్లో ఉన్నది వాళ్ల దృష్టిలో చరిత్ర కానే కాదు, భూమి. పట్టాలు, శిస్తు రసీదులు, పంపకాల కాగితాలు, ప్రోనోట్లు. తాతగారి ఉత్తరాలూ ఫోటోలూ వాటి మధ్యలో ఉన్నాయి. ఉత్తరం కోసం పెట్టె తెరిస్తే దస్తావేజు కూడా బయటపడుతుంది. అందుకే మొత్తాన్ని చెత్త అనేసి తాళం వేసుకోవడం వాళ్లకి క్షేమం.

తర్వాత కొవిడ్ వచ్చింది. నేను రికార్డు చేయాలని పేర్లు రాసుకున్న పెద్దల్లో ముగ్గురు వెళ్లిపోయారు. ఆ జాబితా ఇప్పటికీ నా డైరీలో ఉంది. వాళ్లని అడగడానికి నాకు పెట్టె తాళంతో పనేముంది? కాగితాల మీద మోజుతో మనుషుల్ని వాయిదా వేశాను.

రంగం

2021లో ఒక మామ్మగారి ఫోటో తిరిగి ఇవ్వడానికి వెళ్లాను. తిత్లీలో తడిసి, ఫ్రేము అద్దానికి అంటుకుపోయిన ఫోటో అది. ఆమె నా చేతిలోంచి తీసుకుని, "ఇది ఊడదీసేనావేటి బావూ?" అని కంగారుగా అడిగారు. ఊడదీయలేదని, అద్దం మీంచే తీశానని చెప్పాక కుదుటపడ్డారు. ఫోటోలో కోటు వేసుకున్న మనిషి, పక్కన పూలకుండీ, వెనక రంగుల తెర. "మా అయ్య. రంగంలో తీయించుకున్నాడు."

రంగం అంటే రంగూన్. బర్మా బియ్యం మిల్లుల్లో, ఓడరేవులో కూలికి ఈ తీరం నుంచి తరాల తరబడి జనం వెళ్లారు. కళింగపట్నం, బారువ లాంటి చోట్ల ఓడ ఎక్కేవారు. మామ్మగారు మాట్లాడుతుంటే పక్కింటావిడ వచ్చి కూర్చున్నారు, ఎదురింటాయన వచ్చారు. వేర్వేరు కులాల వాళ్లు. అందరి ఇళ్లలోనూ రంగం వెళ్లినవాడు ఒకడున్నాడు. గంటన్నర గడిచినా ఒక్క మాట మీద కూడా తగువు రాలేదు.

ఇంటికొస్తూ దారంతా అదే ఆలోచించాను. కోట చరిత్ర ఎత్తితే ఎవరు ఎవరికి శిస్తు కట్టారన్న మాట వస్తుంది. గుడి చరిత్ర ఎత్తితే అమ్మవారి సంబరంలో మొదటి ఘటం ఎవరిదన్న మాట వస్తుంది. రంగంలో ఈ ఊరి వాళ్లెవరికీ ఇప్పుడు సెంటు భూమి లేదు. అక్కడి జ్ఞాపకంతో ఎవరి హక్కూ పెరగదు, తరగదు. కష్టం అందరిదీ. కమిటీ రాసుకున్న అధ్యాయాల్లో రంగం లేనే లేదు. పుస్తకం పక్కన పెట్టి రంగంతో మొదలుపెడదామన్నాను. మాస్టారు కాసేపు ఆలోచించి, "మా పెదనాన్న కూడా అక్కడే పోయాడు. నేనే మర్చిపోయాను చూడండి" అన్నారు.

ఈసారి పద్ధతి పూర్తిగా మార్చాం. అడగడం మానేసి ముందు చూపించాం. అప్పటికి మా దగ్గరున్న పదహారు ఫోటోలని ఇంటివాళ్ల ఒప్పుదలతో ఏ4 సైజులో ప్రింటు తీయించి, సంతలో రెండు కరెంటు స్తంభాల మధ్య తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీశాం. పేర్లు రాయలేదు. కావాలనే రాయలేదు. కింద ఒక స్టూలు, చీటీలు, పెన్సిళ్లు. రాయడం రానివాళ్లకి రాసిపెట్టడానికి ఇంటర్ చదివే ఇద్దరు ఆడపిల్లలు. "వీళ్లెవరో చెప్పగలరా?" అన్నది ఒక్కటే ప్రశ్న. బేరాలు ముగించుకుని వెళ్లేవాళ్లు ఆగేవారు. ఒకరు చెప్పిన పేరుని ఇంకొకరు దిద్దేవారు. తప్పు పేరు కనిపిస్తే దాటి వెళ్లడం ఎవరి వల్లా కాలేదు. రెండో వారానికి "ఈయన మా తాత. ఇంతకన్నా మంచి ఫోటో మా ఇంట్లో ఉంది" అని ఒకాయన సంచిలోంచి తీశాడు.

అక్కడికక్కడే ఫోటో తీసి పది నిమిషాల్లో ఒరిజినల్ వాళ్ల చేతికి ఇచ్చేవాళ్లం. వచ్చే సంతకి ఒక ప్రింటు ఉచితం. ఏదీ ఇంటికి తీసుకెళ్లేది లేదు. నాలుగో వారానికి తాడు చాలలేదు.

ఒక లోపం మేడం గమనించారు. చీటీల్లో మగవాళ్ల పేర్లే ఉన్నాయి. ఆడవాళ్లు ఫలానా వారి భార్య, ఫలానా వారి తల్లి. సంతలో ఆగి చీటీ రాసేవాళ్లు ఎక్కువ మగవాళ్లే కాబట్టి అలా అయింది. తాడుని ఒక మధ్యాహ్నం రామమందిరం అరుగు దగ్గరికి మార్చాం. ఆ ఒక్క పూటలో అన్ని వారాల చీటీల్లో లేని పేర్లు దొరికాయి. ఒక పెద్దావిడ ఫోటోలో చంకనున్న పసిపిల్లని చూసి, అది తన చెల్లెలని, యుద్ధంలో రంగం నుంచి నడిచి వచ్చేటప్పుడు దారిలోనే పోయిందని చెప్పింది. ఆ పేరు ఎక్కడా రాసి లేదు. ఆ చీటీ రాసిన అమ్మాయి ఆ రోజు ఇంకేమీ రాయలేకపోయింది.

చెప్పినదాన్ని సరిచూడటం

జ్ఞాపకాన్ని ఎంతవరకు నమ్మాలన్నది నా పనిలో రోజూ వచ్చే ప్రశ్న. ఇక్కడ ప్రతి ఫోటోకీ, ప్రతి రికార్డింగుకీ మూడు గళ్లు పెట్టాం: కాగితంలో ఉన్నది, మనిషి చెప్పింది, మేం ఊహించింది. ఒకదాన్ని ఇంకొక గడిలోకి జరపడానికి కారణం రాయాలి. తేదీలు నేరుగా అడగలేదు. "తిరిగొచ్చేనాటికి మీ పెద్దప్ప పెళ్లయిందా?" అని అడిగితే లెక్క తేలుతుంది.

బాంబులు పడ్డప్పుడు మిల్లులో ఉన్నానని తండ్రి చెప్పేవాడన్న మాట 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ చేసిన బాంబు దాడితో కలిసింది. అంతకు చాలా ముందే రేవులో గొడవై తాత ఓడెక్కి వచ్చేశాడని ఒక ఇంట్లో చెప్పారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ మధ్య జరిగిన అల్లర్లతో అది సరిపోతోంది. అయినా సంవత్సరాన్ని ఊహ గడిలోనే ఉంచాం, ఆ ఇంట్లో తేదీ చెప్పే కాగితం లేదు కాబట్టి.

ఒక తాతగారు "రంగం నుంచి రైల్లో వచ్చేశాం" అన్నారు. కుర్రాళ్లు అది తప్పని కొట్టేయబోయారు. బర్మాకీ మనకీ మధ్య రైలు దారి లేదన్నది నిజమే. జపాన్ సైన్యం బర్మా మీదికి వచ్చిన 1942లో జనం అరకాన్ వైపు కొండలు దాటి చిట్టగాంగ్‌కీ, ఉత్తరాన ఇంఫాల్ మీదుగా దీమాపూర్‌కీ నడిచారు. రైలు అక్కడ దొరికింది. ఐదారేళ్ల పిల్లవాడిని తల్లి ఎత్తుకుని నడిస్తే అతనికి నడక గుర్తుండదు, రైలు గుర్తుంటుంది. ఆయన మాటని ఆయన మాటగానే ఉంచి, కింద దారి వివరం రాశాం. ఆయనకి చదివి వినిపిస్తే చాలాసేపు మౌనంగా ఉండి, "అమ్మ కాళ్లకి మచ్చలుండేవి" అన్నారు. రికార్డింగులన్నిటిలో నాకు అన్నిటికన్నా విలువైన మాట అదే.

చేతిపని గురించి కొంచెం

అద్దానికి అంటుకున్న ఫోటోని లాగకూడదు, ఎమల్షన్ (బొమ్మ ఉండే పై పొర) అద్దంతో వచ్చేస్తుంది. ఫ్రేము వెనక అట్ట మాత్రం విప్పి, పక్కల నుంచి వెలుగు పడేలా పెట్టి, అద్దం మీంచే కెమెరాతో తీయాలి. తడిసిన కాగితాలని ఎండలో పెట్టకూడదు. నీడలో ఫ్యాను గాలికి పెట్టి, మధ్యలో అచ్చులేని తెల్లకాగితాలు వేసి మారుస్తూ ఉండాలి. మన ఉక్కపోతలో రెండు రోజులు ఆలస్యమైతే బూజు పట్టేస్తుంది. ఫోటో వెనక వైపు తప్పకుండా తీయాలి. రంగం ఫోటోల్లో స్టూడియో ముద్ర వెనకే ఉంది. చిన్న ఫోటోలని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల వివరంతో తీసి, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచాలి.

లామినేషన్ చేయించొద్దని నేను ఎక్కడికెళ్లినా బతిమాలుకుంటాను. మన ఊళ్లలో విలువైన కాగితం అనగానే జిరాక్సు షాపుకి తీసుకెళ్లి లామినేషన్ చేయించేస్తారు. ఆ వేడికి, జిగురుకి కాగితం శాశ్వతంగా చిక్కుకుపోతుంది. చిరిగిన చోట సెల్లోటేపు కూడా అంతే, కొన్నేళ్లకి పసుపు మరక మిగులుతుంది.

ఎవరు చూడొచ్చు

ఒప్పుదల ఫారం తీసేసి మూడు రంగుల చీటీలు పెట్టాం. పచ్చ అంటే ఎవరైనా చూడొచ్చు. పసుపు అంటే ఊళ్లో గోడ మీద పెట్టొచ్చు, ఇంటర్నెట్‌లోకి వద్దు. ఎరుపు అంటే ఇంటివాళ్లకే. రంగు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఇంట్లో అన్నదమ్ములు ఎంతమంది ఉంటే అంతమందినీ అడుగుతాం, ఒక్కరు ఎరుపంటే అది ఎరుపే. భూమి కాగితాలు అడిగితే తీసి పెడతాం, కాపీ మా దగ్గర ఉంచుకోం. ఆ మాట రెండు మూడు ఇళ్లలో నిలబెట్టుకున్నాక, దస్తావేజులు చెడిపోకుండా ఎలా దాచాలో చూపించమని వాళ్లే పిలవడం మొదలైంది. అలా తెరిచిన పెట్టెల్లోంచి ఉత్తరాలు వచ్చాయి.

వెబ్‌సైట్ వద్దన్నాను. ఏటా డబ్బు కట్టే కుర్రాడికి పెళ్లై, ఉద్యోగం మారి, ఒక ఏడాది మర్చిపోతే అంతా పోతుంది. మూడు హార్డ్‌డిస్కులు కొన్నాం. ఒకటి ఊరి గ్రంథాలయంలో, ఒకటి మేడం దగ్గర, ఒకటి హైదరాబాద్‌లో. ఏటా సంబరాల ముందు మూడూ తెరిచి చూస్తారు. పచ్చ చీటీ ఉన్నవి మాత్రం ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడగలిగే ఫోటోల భండారాల్లో పెడుతున్నాం. పుస్తకం ఇంకా రాయలేదు. బడి గోడ మీద ఏడాదికొకసారి ప్రదర్శన జరుగుతోంది.

ఇంకా కుదరనివి

ఊరి చివర పేటల నుంచి ఫోటోలు చాలా తక్కువ వచ్చాయి. ఫోటో తీయించుకునే స్తోమత లేనివాళ్ల చరిత్ర తాడు మీద వేలాడదు. ఇది నేను మొదటి సంతలోనే చూడాల్సింది, ఏడాది తర్వాత చూశాను. ఇప్పుడు అక్కడ మాటలు, పాటలు, పని పద్ధతులు రికార్డు చేస్తున్నాం. రంగం నుంచి తిరిగొచ్చినవాళ్లు అక్కడే ఎక్కువమంది ఉన్నారని తేలింది. ఒక ఇంట్లో కరణి రాతలో తాటాకుల కట్ట ఉంది. చదవగలిగే మనిషి కోసం ఒడిశాలోని పర్లాకిమిడి వైపు వాకబు చేస్తున్నాం. గిడుగు రామమూర్తి గారు ఆ పర్లాకిమిడిలోనే బడిపంతులుగా ఉంటూ ముఖలింగం శాసనాలు చదవడం నేర్చుకున్నారు. మా మాస్టారు డెబ్బై దాటాక కరణి అక్షరాలు దిద్దుతున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు.

రిజిస్టరు ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. కిందటేడాది అన్నగారు మాస్టారి చేత కబురు పెట్టారు. పురుగు పడుతోంది, లామినేషన్ చేయించమంటారా అని. వెళ్లాను. ఈసారి కూర్చోమన్నారు. వరండాలో నీడన చాప పరిచి, పేజీ పేజీ మెత్తటి బ్రష్‌తో తుడిచి, నూలుగుడ్డలో కట్టి, నేలకి ఎత్తుగా బీరువాలో పెట్టించాను. కెమెరా సంచి బండిలోనే వదిలేసి వెళ్లాను. ఏటా వానలకి ముందు ఒకసారి వచ్చి చూడమన్నారు. వెళ్తున్నాను.